బంతి నారు, కుందేలు, రెండడుగుల కంచె

మే నెల మూడో వారం, న్యూజెర్సీలో ఒక పెరడు. ముందు రోజు సాయంత్రం మడిలో వరసగా నాటిన ఇరవైనాలుగు బంతి మొక్కలు తెల్లారేసరికి ఇరవైనాలుగు పుల్లలయ్యాయి. మట్టి చెదరలేదు. ఒక్క మొక్క కూడా ఒరగలేదు, పెళ్లగిలలేదు. నేలకు రెండు మూడంగుళాల ఎత్తున ఒక్కో కాడా ఏటవాలుగా, కొత్త బ్లేడుతో కోసినంత నున్నగా తెగి ఉంది. పక్కనే గడ్డిలో బఠాణీ గింజలంత గుండ్రటి పెంటికలు. ఆ పెరడు మాది. మార్చి నెలాఖరున వంటింటి కిటికీ దగ్గర ట్రేలో పోసిన నారు అది. బతుకమ్మ నాటికి పూలు చేతికి రావాలని పోసినది.

అమెరికా శివారు ఊళ్లలో పూలమొక్కలు పెంచే తెలుగువాళ్లలో ఈ ఉదయాన్ని చూడనివాళ్లు తక్కువ. ఎవరిని అడిగినా ఒక ఉపాయం చెబుతారు. ఒకరు కారప్పొడి చల్లమంటారు. ఒకరు సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి మడి చుట్టూ వేయమంటారు. ఒకరు సబ్బు ముక్కలు వేలాడదీయమంటారు. కుందేలు బంతి జోలికే రాదని ఇంకొకరు ఘంటాపథంగా చెబుతారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెత ఈ విషయంలో అక్షరాలా నిజం. అబద్ధం ఎవరూ చెప్పరు. కారప్పొడి చల్లిన ఏడాది వాళ్ల తోట నిజంగానే బతికి ఉంటుంది. కానీ ఆ ఏడు చుట్టుపక్కల నక్క పిల్లల్ని పెట్టి ఉండవచ్చు, పక్కింటి పచ్చికలో క్లోవర్ విరగబూసి ఉండవచ్చు. ఒక పెరడు, ఒక వేసవి చూసి కుందేలు సంగతి తేల్చలేం.

అందుకే ఆకలిగొన్న కుందేళ్లు తిరిగే చోట పూలతోట పెంచడం గురించి తోటమాలులు, వన్యప్రాణి నిపుణులు, విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలు ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చినవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూస్తే ఒక్క మాట తేటతెల్లమవుతుంది. మనం కాపాడవలసింది మొక్క లేతవయసును. ఆ కొద్ది వారాలు గడిపిస్తే మిగతా కాలం చాలా మొక్కలు తమను తాము కాపాడుకుంటాయి. ఏ ఉపాయాన్నయినా ఈ కొలతతోనే తూచాలి.

ఏ కుందేలు?

తెలుగులో కుందేలు, చెవులపిల్లి అన్న మాటలు రెండు వేరు వేరు జంతువులకు సరిపోతాయి. మన మెట్ట చేలల్లో, తుప్పల్లో కనిపించేది నల్లమెడ కుందేలు. అది బొరియ తవ్వదు, నేల మీదే ఈనుతుంది. దాని పిల్లలు పుట్టగానే ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం నేరం. ఇళ్లలో పెంచుకునే తెల్ల కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేళ్లు. అవి గుంపులుగా బొరియల్లో బతుకుతాయి, వాటి పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి.

అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల పెరళ్లలో తిరిగేది ఈ రెండూ కాదు. దాన్ని ఈస్టర్న్ కాటన్‌టెయిల్ అంటారు. తోక అడుగున దూది ఉండ అంటించినట్టు తెల్లగా ఉంటుంది కనుక ఆ పేరు. బరువు కిలో నుంచి కిలోముప్పావు దాకా. దీని పిల్లలూ కళ్లు తెరవకుండానే పుడతాయి. కానీ ఇది పెద్దగా బొరియలు తవ్వదు. పొదల అడుగున, డెక్ కింద, కొమ్మల కుప్పల్లో దాక్కుంటుంది. కంచె దగ్గర ఈ తేడా చాలా ముఖ్యమవుతుంది.

దీని సంసారం లెక్క చూస్తే సమస్య సగం అర్థమవుతుంది. చూలు సుమారు 28 రోజులు. ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు. వసంతం నుంచి సెప్టెంబరు లోపల మూడు నాలుగు ఈతలు, ఒక్కోసారి అంతకు మించి. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. మరోపక్క గద్దలు, గుడ్లగూబలు, నక్కలు, కొయోటీలు, పిల్లులు, కార్లు, చలి కలిసి ఏటా నాలుగింట మూడు వంతుల కుందేళ్లను పొట్టన పెట్టుకుంటాయి. అడవిలో ఒక కాటన్‌టెయిల్ రెండో చలికాలం చూడటమే గొప్ప. అన్ని పుట్టి, అన్ని చచ్చే చోట ఒకటి రెండింటిని తీసేసినంత మాత్రాన ఖాళీ మిగలదు. నెల తిరగకుండా ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది.

తిండి విషయానికొస్తే వేసవిలో గడ్డి, క్లోవర్, డాండెలియన్, లేత మొక్కలు. మంచు కప్పిన కాలంలో గులాబీ కొమ్మలు, చిన్న చెట్ల బెరడు. పెద్దపేగు మొదట్లో పులిసిన మెత్తటి పెంటికలను మళ్లీ తిని రెండోసారి జీర్ణించుకుంటుంది కనుక పీచు ఎక్కువగా ఉన్న తిండితోనూ నెట్టుకురాగలదు. కానీ ఎంచుకునే వీలుంటే నీరు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న చివురుకే మొదట నోరు పెడుతుంది. తెల్లవారుజామున, మునిమాపు వేళ మేస్తుంది. మేస్తున్నంతసేపూ ఒక్క పరుగులో దాక్కునే చోటు దగ్గర్లో ఉండాలి. అందుకే నట్టనడి పచ్చికలో ఉన్న మడి కంటే డెక్ పక్కన, పొదల అంచున ఉన్న మడికే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

తెగిన కాడ చెప్పే సాక్ష్యం

కంచెకు డబ్బు పెట్టే ముందు దొంగ ఎవరో తెలుసుకోవాలి. కుందేలుకు పైదవడలో ముందు రెండు, వాటి వెనక చిన్నవి మరో రెండు ఉలి పళ్లుంటాయి, కింద రెండుంటాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆ పళ్ల మధ్య పడిన కాడ కత్తెరతో కోసినట్టు ఏటవాలుగా, శుభ్రంగా తెగుతుంది. జింకకు పైదవడ ముందు భాగంలో పళ్లే లేవు. అది కాడను పట్టి లాగుతుంది, కనుక కొస చిరిగి, పీచులు వేలాడుతూ ఉంటుంది. కుందేలు నోరు నేల నుంచి రెండడుగులకు మించి అందదు. మూడు నాలుగడుగుల ఎత్తున మొగ్గలు పోయాయంటే అది జింక పనే. ఆకుల్లో రంధ్రాలు పడి వెండి రంగు జిగురు చార మిగిలితే నత్తలు. గడ్డలు తవ్వి పోతే ఉడతలు. ఒక్క పూటలో మడంతా నేలమట్టమై, దగ్గర్లో పెద్ద బొరియ కనిపిస్తే గ్రౌండ్‌హాగ్. ఇది కంచె ఎక్కుతుంది, కిందనుంచి తవ్వుతుంది కూడా, కనుక కుందేలు కంచె దానికి చాలదు. ఈ తేడా పట్టించుకోకుండా జాలి వేసి, జాలి పనిచేయలేదని తీసి పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

తినని మొక్కల పట్టికలు

ఏ నర్సరీకి వెళ్లినా కుందేళ్లు తినని మొక్కలంటూ ఒక పట్టిక చేతిలో పెడతారు. ఈ పట్టికల వెనక నిజమైన కారణాలున్నాయి. డాఫోడిల్ గడ్డలో, ఆకులో లైకొరిన్ అనే విషం ఉంది. ఫాక్స్‌గ్లవ్‌లో గుండెను దెబ్బతీసే రసాయనాలున్నాయి. లావెండర్, సాల్వియా, క్యాట్‌మింట్, బీబామ్ వంటివి ఘాటైన నూనెలతో తమను కాపాడుకుంటాయి. లాంబ్స్ ఇయర్ ఆకు మీద దట్టమైన నూగు ఉంటుంది. యుఫోర్బియా తుంచితే నోరు మండించే పాలు కారతాయి. అల్లియంలకు ఉల్లి వాసన ఉంది. పియోనీ, ఐరిస్, హెల్లెబోర్‌లు కూడా చాలా చోట్ల కుందేలు నోట పడకుండా బతుకుతాయి.

దీన్ని కళ్లారా చూడాలంటే ఏప్రిల్‌లో తులిప్, డాఫోడిల్ కలిపి నాటిన మడి దగ్గర నిలబడాలి. రెండూ శరదృతువులో ఒకే రోజు నాటిన గడ్డలు, ఒకే మట్టి, ఒకే ఎండ. తులిప్ ఆకులు మొదలంటా కొరికి ఉంటాయి, మొగ్గలు మాయమై కాడలు నిలబడి ఉంటాయి. వాటికి జానెడు దూరంలో డాఫోడిల్ ఒక్క గాటు లేకుండా పసుపుపచ్చగా తలూపుతూ ఉంటుంది. కొత్తగా తోట వేసేవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. వసంతపు మొదటి పూలకు డాఫోడిల్‌ను నమ్ముకోండి. తులిప్ మీద మనసుంటే జాలితో పాటే నాటండి.

అయితే పట్టికలను ఎంతవరకు నమ్మాలి? మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, వీటిలో ఎక్కువ భాగం తోటమాలులు చూసి చెప్పినవి, కొలిచి చెప్పినవి కావు. అందుకే జినియా వంటి మొక్క ఒక పట్టికలో తినేవాటి వరసలో, ఇంకో పట్టికలో తిననివాటి వరసలో కనిపిస్తుంది. రెండోది, జింకల పట్టికను కుందేలుకు వాడకూడదు. రట్జర్స్ విశ్వవిద్యాలయం మొక్కలను జింక ఎంత పాడుచేస్తుందన్న లెక్కన నాలుగు తరగతులుగా విభజించి పెట్టిన జాబితా న్యూజెర్సీలో బాగా ప్రచారంలో ఉంది. అది మంచి జాబితా, కానీ అది జింక నోటికి సంబంధించినది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ముదిరాక తినని మొక్కను లేతగా ఉన్నప్పుడు తింటుంది. ఎకినేషియా నడుమెత్తు పెరిగి పూసినప్పుడు కుందేలు దాని పక్కనుంచే నడిచి వెళ్తుంది. అదే ఎకినేషియా ఏప్రిల్‌లో మూడాకులు వేసిన దశలో ఒక్క రాత్రికి మిగలదు. పట్టికలు మొక్క పేరు చెబుతాయి కానీ వయసు చెప్పవు.

ఇక మన పూల సంగతి. బంతి వాసనకు కుందేలు రాదన్న నమ్మకం అమెరికన్ తోటల్లోనూ పాతదే. అది నిజం కాదు. మా ఇరవైనాలుగు మొక్కలే సాక్ష్యం, విస్తరణ విభాగాల నిపుణులూ అదే చెబుతారు. చామంతి చివుళ్లను తింటుంది. మందారం లేత కొమ్మలు దానికి ఇష్టం. గులాబీకి ముళ్లున్నా లేత చిగురుకు ముల్లు గట్టిపడి ఉండదు, చలికాలంలో ముళ్లున్న కొమ్మనూ కొరుకుతుంది. పొద్దుతిరుగుడు మొలక రెండాకుల దశలో ఉంటే పోయినట్టే. తులసి, మరువం మాత్రం ఘాటు వల్ల చాలావరకు బతుకుతాయి. మల్లె, కనకాంబరం చలికి ఆగవు కనుక కుండీల్లోనే పెంచుతాం. ఆ కుండీలు డెక్ మీద, మెట్లకు దూరంగా, రెండడుగుల పైన ఉంటే వాటికి వేరే కాపలా అక్కర్లేదు.

ఘాటు మొక్కలను అంచున నాటితే లోపలి మొక్కలకు రక్ష అన్న సలహా కూడా తరచు వినిపిస్తుంది. అంచున ఉన్న లావెండర్ తనను తాను కాపాడుకుంటుంది. దాని వెనకున్న పాన్సీని కాపాడదు. రెండు లావెండర్ పొదల మధ్యనుంచి కుందేలు హాయిగా లోపలికి నడిచి వెళ్తుంది.

కంచె

ఉపాయాలన్నిటిలో పరీక్షకు నిలిచేది కంచె ఒక్కటే. దాని వివరాలు తేలికైనవే, కానీ ఒక్క వివరం తప్పినా కంచె ఉండీ లేనట్టే.

కాటన్‌టెయిల్‌కు రెండడుగుల ఎత్తు చాలు. అది ఎగిరి దూకగలిగినా, కంచె ముందు నిలబడ్డప్పుడు పైకి చూడదు, కింద సందు వెతుకుతుంది. జాలి కన్ను అంగుళానికి మించకూడదు. రెండంగుళాల కన్నులోంచి పిల్ల కుందేలు అవలీలగా దూరిపోతుంది, జూన్ నెలలో పెరట్లో తిరిగేవి ఎక్కువగా ఆ పిల్లలే. కోళ్ల గూళ్లకు కట్టే సన్నటి ఆరుమూలల ఇనుప జాలి సరిగ్గా సరిపోతుంది. ప్లాస్టిక్ వల కొనడం డబ్బు దండగ. దాన్ని దారంలా కొరికేస్తుంది.

అడుగుభాగమే ప్రాణం. మూడడుగుల వెడల్పు జాలి చుట్ట తెచ్చి, కింది ఆరంగుళాలు బయటివైపుకు ఎల్ ఆకారంలో మడిచి, ఆ మడతను నేల మీద పరిచి, అడుగుకొకటి చొప్పున ఇనుప మేకులు గుచ్చాలి. బయటివైపుకే ఎందుకంటే, కుందేలు కంచె మొదట్లోనే గోళ్లతో గీరుతుంది. అక్కడ దాని కాళ్ల కింద జాలి ఉంటే తవ్వడానికి మట్టి దొరకదు. వెనక్కి వెళ్లి ఆరంగుళాల దూరం నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. కొద్ది వారాల్లో ఆ మడతలోంచి గడ్డి మొలిచి జాలిని నేలకు కుట్టేస్తుంది. మడతకు నేల దొరకని చోట, అంటే రాళ్ల అంచు దగ్గర, గేటు కింద, రెండంగుళాల సందు వదిలారంటే కంచె కట్టనట్టే లెక్క.

బ్రిటన్ తోటల్లో ఈ కొలతలు సరిపోవు. అక్కడి కుందేలు బొరియలు తవ్వే జాతి. అందుకే అక్కడ సుమారు నాలుగడుగుల ఎత్తు కట్టి, అడుగు లోతున జాలిని పూడ్చి బయటికి మడవమంటారు. మనం చదివే పుస్తకం ఏ దేశానిదో చూసుకోకుండా కొలతలు ఎత్తుకుంటే అనవసరమైన శ్రమ మిగులుతుంది, లేదా కంచె చాలకుండా పోతుంది.

కంచె మీద ఉన్న అసలు అభ్యంతరం అందం. పూలు చూడటానికి తోట వేసి, ఇనుప జాలి చూస్తూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇందుకు రెండు జవాబులున్నాయి. నల్ల పూత వేసిన జాలి పదడుగుల దూరం నుంచి దాదాపు కనిపించదు. అంతకంటే పెద్ద జవాబు, జాలి ఎల్లకాలం ఉండనక్కర్లేదు. బంతి, జినియా, పొద్దుతిరుగుడు వంటి ఏడాది మొక్కలకు నాటిన రోజు నుంచి ఆరేడు వారాలు చాలు. మొక్క మోకాలెత్తు పెరిగి, మొదట్లో కాడ గట్టిపడ్డాక జాలి తీసేయవచ్చు. ఆ తర్వాత కింది ఆకులు ఒకటి రెండు పోతాయి, మొక్క పోదు. మడంతా కట్టడం కుదరకపోతే ఒక్కో మొక్కకు జాలిని గొట్టంలా చుట్టి నిలబెట్టవచ్చు. సన్న కన్నుల తీగ చెత్తబుట్టను బోర్లించి పైన రాయి పెట్టినా అదే పని చేస్తుంది. ఎత్తు మడులు కట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, పది పన్నెండంగుళాల ఎత్తు కుందేలుకు మెట్టుతో సమానం. ఎత్తు రెండడుగులు దాటితేనే అది కంచె పని చేస్తుంది.

చల్లే మందులు

దుకాణాల్లో అమ్మే మందులు రెండు రకాలు. కొన్ని వాసనతో బెదిరిస్తాయి, కొన్ని రుచి చెడగొడతాయి. కుళ్లిన గుడ్డు పొడి, ఎండిన రక్తపు పొడి, వెల్లుల్లి మొదటి రకం. మిరపకాయ ఘాటు రెండో రకం. వీటిలో కుళ్లిన గుడ్డు కలిసిన మందులకు మెరుగైన పేరుంది. కానీ ఏదైనా నాలుగు షరతుల మీదే పనిచేస్తుంది. కుందేలు ఆ మొక్క రుచి మరగక ముందే చల్లాలి. వాన పడ్డ ప్రతిసారీ మళ్లీ చల్లాలి. కొత్తగా వచ్చిన ఆకుకు పాత మందు అంటి ఉండదు కనుక, వసంతంలో వారం వారం చల్లాలి. చుట్టూ వేరే తిండి ఉండాలి. ఆకలి ముదిరితే ఏ చేదూ దాన్ని ఆపదు. ఎండిన రక్తపు పొడిలో నత్రజని పన్నెండు శాతం దాకా ఉంటుంది. అతిగా వేస్తే ఆకు దట్టంగా పెరిగి పూత తగ్గుతుంది, పైగా కుక్కలు దాని కోసం మడి తవ్వుతాయి.

మన ఇళ్లలో ఇంకో మాట కూడా ఆలోచించాలి. కుళ్లిన గుడ్డు, రక్తపు పొడి తగిలిన పూలను దేవుడి ముందు పెట్టడానికి, బతుకమ్మ పేర్చడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. తులసి వంటి తినే ఆకుల మీద చల్లే ముందు డబ్బా మీది సూచనలు చదవడం తప్పదు. పూజ పూల కోసమే తోట వేసేవాళ్లకు జాలి తప్ప వేరే దారి లేదని నా అభిప్రాయం.

కలరా ఉండలు మాత్రం తోటలో ఎప్పుడూ వేయకూడదు. అవి బట్టల పెట్టెలో, మూసిన చోట వాడేందుకు తయారైన విషం. ఆరుబయట మట్టిలో కలుస్తాయి, చిన్నపిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. పురుగుమందును డబ్బా మీద రాసిన పనికి కాక వేరే పనికి వాడటం అమెరికా చట్టం ప్రకారం తప్పు కూడా. వెంట్రుకలు, సబ్బు ముక్కలు, కారప్పొడి వంటివి హాని చేయవు, నమ్మదగిన మేలూ చేయవు. కారం ఒక్క వానకు కొట్టుకుపోతుంది.

తరమడం, పట్టుకోవడం

ప్లాస్టిక్ గుడ్లగూబ, మెరిసే రిబ్బన్లు, అల్ట్రాసౌండ్ పెట్టెలు కొద్ది రోజులే. కదలని గుడ్లగూబ ఏమీ చేయదని కుందేలు త్వరగానే తెలుసుకుంటుంది. కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ చిన్న మడి దగ్గర కొంత పనిచేస్తుంది. పెరట్లో తిరిగే కుక్క ఉంటే అది మేలైన కాపలా. పిల్లిని బయట వదలమనే సలహా మాత్రం ఇవ్వలేను. అది కుందేలు పిల్లలతో పాటు పక్షులనూ చంపుతుంది.

బోనులో పట్టి దూరంగా వదిలేయడం దయగల పనిలా కనిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా అలా చేయడం చట్టవిరుద్ధం. తెలియని చోట దాక్కునే పొద తెలియక ఆ జీవి ఎక్కువ రోజులు బతకదు, రోగాలు కొత్త చోటుకు చేరతాయి. ఖాళీ అయిన చోటుకు ఇంకొకటి వస్తుందని ముందే చూశాం. చచ్చిన కుందేలును ఒట్టి చేతులతో తాకకూడదు. టులరీమియా అనే బాక్టీరియా వ్యాధి వాటి నుంచి మనుషులకు సోకుతుంది. చేతితొడుగులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

దాక్కునే చోట్లు తగ్గించడం మేలైన పని. డెక్ అడుగున జాలి కొట్టడం, కొమ్మల కుప్ప తీసేయడం, మడి చుట్టూ పొడుగు గడ్డి కోయడం. క్లోవర్ గురించి మాత్రం రెండు వాదాలున్నాయి. పచ్చికలో క్లోవర్ ఉంటే కడుపు అక్కడే నిండుతుంది, మడి దాకా రాదని కొందరంటారు. మేత పెరిగితే కుందేళ్లూ పెరుగుతాయని మరికొందరంటారు. నా అనుభవంలో జాలి ఉన్న తోటకు క్లోవర్ మేలే చేసింది. జాలి లేని తోటను క్లోవర్ ఒక్కటే కాపాడటం నేను చూడలేదు.

ఆస్ట్రేలియా నేర్పిన పాఠం

కుందేళ్లను అసలు లేకుండా చేస్తే పోలేదా అనిపించే రోజులుంటాయి. ఒక ఖండమే ఆ ప్రయత్నం చేసింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి 24 కుందేళ్లను తెప్పించి విక్టోరియాలోని తన బార్వన్ పార్క్ ఎస్టేట్‌లో పెట్టాడు. అవి యాభై ఏళ్లలో ఖండంలో చాలా భాగాన్ని ఆక్రమించాయి. ఆ దండయాత్రకు మూలం ప్రధానంగా ఆస్టిన్ తెచ్చిన గుంపేనని 2022లో జన్యు పరిశోధన కూడా తేల్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901లో మొదలుపెట్టి 1907 నాటికి మూడు కంచెలు కట్టింది. మొత్తం పొడవు 3,256 కిలోమీటర్లు. కంచె పూర్తికాక ముందే కుందేళ్లు అవతలికి చేరిపోయాయి.

1950లో మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట్లో సోకినవాటిలో నూటికి తొంభైతొమ్మిది చచ్చాయి. కొద్ది ఏళ్లలోనే తట్టుకునే కుందేళ్లు మిగిలాయి, వైరస్ తీవ్రతా తగ్గింది, సంఖ్య మళ్లీ పెరిగింది. 1995లో వార్డాంగ్ దీవిలో పరీక్షిస్తున్న మరో వైరస్ తప్పించుకుని ప్రధాన భూభాగానికి పాకింది. మళ్లీ తగ్గాయి, మళ్లీ కొంత పుంజుకున్నాయి. పరాయి నేలలో మొత్తం ప్రకృతినే ధ్వంసం చేస్తున్న జంతువు కనుక అక్కడ ఆ పోరాటానికి అర్థం ఉంది. కాటన్‌టెయిల్ అమెరికా నేల బిడ్డ. నక్కకు, గద్దకు అది తిండి. దాన్ని లేకుండా చేయాలనుకోవడం తప్పు, చేయగలమనుకోవడం భ్రమ. వేల కిలోమీటర్ల కంచె ఓడిన చోట ఇరవై అడుగుల కంచె గెలుస్తుంది. ఎందుకంటే ఇరవై అడుగుల కంచెను ప్రతి ఉదయం కాఫీ కప్పుతో చుట్టివచ్చి, ఊడిన మేకును అప్పటికప్పుడు గుచ్చగలం.

పచ్చికలో గూడు

ఏప్రిల్, మే నెలల్లో గడ్డి కోస్తుంటే అరచేతి వెడల్పున ఎండిన గడ్డి, బూడిదరంగు బొచ్చు కప్పిన చిన్న గుంట కనిపించవచ్చు. ఆ బొచ్చు తల్లి తన పొట్ట మీద నుంచి పీకి పరిచినది. కింద నాలుగైదు పిల్లలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. తల్లి కనిపించదు కనుక వదిలేసి పోయిందనుకుని పిల్లల్ని ఇంట్లోకి తెచ్చేవాళ్లున్నారు. అలా తెచ్చిన పిల్లల్లో ఎక్కువ భాగం బతకవు. తల్లి కావాలనే దూరంగా ఉంటుంది. తన వాసన పట్టుకుని నక్క గూటికి రాకుండా, తెల్లవారుజామున ఒకసారి, మునిమాపు వేళ ఒకసారి వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్తుంది. అనుమానం ఉంటే గూటి మీద రెండు దారాలు అడ్డంగా పరచి మర్నాడు చూడాలి. దారాలు కదిలి ఉంటే తల్లి వచ్చినట్టే. మూడు వారాల్లో పిల్లలు గూడు విడుస్తాయి. అంతవరకు ఆ గజం మేర గడ్డి కోయకుండా ఆగడం మన బాధ్యత అని నేను నమ్ముతాను. పూల లేతవయసును కాపాడాలని తపించేవాళ్లకు ఈ లేతవయసు కూడా కనబడాలి.

ఏడాది లెక్క

ఇవన్నీ కలిపితే తోటమాలి పని నాలుగు ముక్కల్లో తేలుతుంది. మంచు కరుగుతూ గడ్డలు మొలకెత్తే మార్చిలో తులిప్, క్రోకస్ మీద జాలి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏటా మొలిచే ఫ్లాక్స్, ఆస్టర్, ఎకినేషియా వంటివి జానెడు దాటేవరకు గొట్టపు జాలి కావాలి. మే నడిమిలో మంచు భయం తీరాక నాటే బంతి, జినియా, సీతమ్మజడలకు నాటిన సాయంత్రమే కంచె పడాలి. మర్నాడు వేద్దామనుకుంటే ఆ ఒక్క రాత్రి చాలు. జూలై మొదట్లో జాలి తీసేయవచ్చు.

నాలుగోది చాలామంది మరిచిపోయేది. నవంబరులో గులాబీలకు, చిన్న చెట్ల మొదళ్లకు పావంగుళం కన్నుల గట్టి ఇనుప జాలిని రెండంగుళాలు ఎడంగా చుట్టాలి. ఎత్తును నేల నుంచి లెక్క వేయకూడదు, పడబోయే మంచు పైనుంచి వేయాలి. అడుగున్నర మంచు పడిందంటే కుందేలు అడుగున్నర ఎత్తున నిలబడి కొరుకుతుంది. బెరడు కాండం చుట్టూ పూర్తిగా పోతే ఆ చెట్టు బతకడం చాలా కష్టం.

మళ్లీ మా మడి దగ్గరికి. తెగిన ఆ ఇరవైనాలుగు కాడలనూ పీకేయబోయి ఆగాను. మన ఊళ్లలో బంతి రైతులు నాటిన నెల రోజులకు తలలు తుంచుతారు. తుంచిన చోటి కిందనుంచి పక్క కొమ్మలు వస్తాయి, పూలు పెరుగుతాయి. కాడ మీద ఆకు మొదళ్లు మిగిలి ఉంటే, మొక్క మళ్లీ చిగురించడానికి కావలసినది కొద్దిరోజుల నెమ్మది మాత్రమే. ఒక్క కాటుకు బంతి చావదు. చిగురించిన ప్రతిసారీ పడే రెండో కాటు, మూడో కాటు దాన్ని చంపుతాయి. ఆ సాయంత్రమే జాలి తెచ్చి, ఆరంగుళాలు మడిచి, మేకులు గుచ్చాను. పదిహేను మొక్కలు పక్క కొమ్మలు వేశాయి. మిగతా తొమ్మిది చోట్ల కొత్త నారు పెట్టాను. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి పదిహేనూ గుబురుగా, కొత్తవాటి కంటే నిండుగా పూసి ఉన్నాయి. జూలైలో తీసి చుట్టి గ్యారేజీలో వేలాడదీసిన జాలి, వచ్చే వసంతం కోసం ఎదురుచూస్తోంది.